రాయిలా కనిపించిన పేరు

నిన్న నేస్ అనే ఊళ్లో సమాధిరాళ్లు చెక్కే షాపు ముందు బస్సు ఆగింది. వానకు తడిసిన ఆ బూడిదరంగు రాళ్లను చూడగానే నా ఆరేళ్లప్పటి ఒక సాయంత్రం గుర్తొచ్చింది.

అప్పట్లో మేం పోర్ట్‌లీష్ అనే ఊళ్లో ఉండేవాళ్లం. నెలలు నిండకముందే అమ్మను ఆసుపత్రిలో చేర్చుకున్నారు. నాన్న ఒక్కడే ఇంటికొచ్చి, నన్ను చూసుకుంటున్న పక్కింటి ఆంటీని పంపేసి, కోటైనా విప్పకుండా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఆ రోజుల్లో మనం టైపు చేసిన పేరును అందమైన అక్షరాల బొమ్మగా మార్చి చూపించే వెబ్ పేజీలుండేవి. మంటల్లో కావాలంటే మంటల్లో, బంగారంలో కావాలంటే బంగారంలో వచ్చేది. నాన్న పుట్టబోయే చెల్లికి అనుకున్న పేరు ‘సాహితి’ అని కొట్టి, రాయిని ఎంచుకున్నాడు.

తెర మీద బొమ్మ పైనుంచి కిందికి మెల్లగా తెరుచుకుంది. మా స్కూలు పక్కన చర్చి సమాధుల మీద అక్షరాలు అచ్చం అలాగే ఉండేవి. నేను నాన్న కోటు పట్టుకుని లాగాను.

“రాయి వద్దు నాన్నా. అది డెడ్ పీపుల్‌కి. గోల్డ్ పెట్టు.”

“రాయైతే చెరిగిపోదు కదమ్మా,” అన్నాడు నాన్న, తెర మీంచి చూపు తిప్పకుండా.

వారాంతానికి అమ్మ వట్టి చేతులతో ఇంటికొచ్చింది. ఆ పేజీయే చెల్లిని తీసుకుపోయిందని నేను నమ్మాను. నాన్న కంప్యూటర్ ముందు కూర్చుంటే చాలు, గది వదిలి వెళ్లిపోయేదాన్ని.

పెద్దయ్యాక అమ్మ చెప్పింది. పాప గుండె ఆగిపోయిందని డాక్టర్లు ఆ రోజు మధ్యాహ్నమే, నాన్న ఇంటికి రాకముందే, వాళ్లిద్దరికీ చెప్పారట. ఆ పేరును బడి పుస్తకం మీద రాసే రోజు రాదని తెలిసే, నాన్న దాన్ని అక్కడ రాసి చూసుకున్నాడు.