కోసి చూస్తే గాని నమ్మని మామయ్య

మా మామయ్య దేన్నైనా కోసి చూస్తే గాని నమ్మడు. లోకంలో కొందరు చెబితే నమ్ముతారు, కొందరు చూస్తే నమ్ముతారు. ఆయనకు ఆ రెండూ చాలవు, లోపల చూడాలి. పశువుల డాక్టరు కాబట్టి వృత్తి వల్ల పట్టుకున్న అలవాటని అందరూ అనుకుంటారు. అలవాటు ఉండబట్టే ఆ వృత్తిలోకి వెళ్ళాడని మా అమ్మ అంటుంది. చిన్నప్పుడు తమ్ముడు కదా అని అమ్మ ఆడుకోమని రబ్బరు బంతి ఇస్తే, సాయంత్రానికి దాన్ని రెండు గిన్నెలు చేసి తెచ్చి చేతిలో పెట్టేవాడట.

చదువు మధ్యలో వదిలేసి, ఉద్యోగం దొరక్క, లైబ్రరీ పుస్తకాల మీద కాలక్షేపం చేస్తున్న రోజుల్లో నేను వాళ్ళింట్లో ఉండేవాణ్ణి. ఆ ఇంట్లో ఒంటి మీద గాటు లేని వస్తువు లేదు. సోఫాకి నాలుగు చోట్ల కుట్లు ఉండేవి. ఆపరేషన్ కుట్లు కాబట్టి చక్కగా అతికేవి. కొత్త బూట్లు కొంటే ముందు మడమ కోసేవాడు. "చూశావా? పైన తోలు, లోపల అట్ట! నేను చెప్పలా?" అని, వానలో కుంటుతూనే గర్వంగా ఇంటికొచ్చేవాడు.

"ఇంట్లో మీరు కొయ్యంది నన్నొక్కదాన్నే," అంది అత్తయ్య ఒకసారి.

"నిన్ను కోసే అవసరం ఏముందే? నీ లోపలున్నదంతా రోజూ నువ్వే బయట పెడుతున్నావుగా."

పక్కింటి పాప పుట్టినరోజుకి కేకు కోసే పని ఈయనకు అప్పగించారు. అది వాళ్ళు తెలిసి చేసిన తప్పు. మామయ్య గంభీరంగా కత్తి దించి, ముక్క పైకెత్తి, "ఇదిగో పైన చర్మం. దాని కింద కొవ్వు పొర. ఈ ఎర్రటిది కండ. ఎముక లేదు, కాబట్టి దీన్ని వెన్నెముక లేని జీవుల్లో వెయ్యాలి," అని వివరించాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. పెద్దవాళ్ళు మాత్రం కేకు ముట్టలేదు. ఆ తర్వాత ఆ ఇంటి నుంచి మాకు పిలుపు రాలేదు.

నా గురించి కూడా ఆయనకు ఒక సిద్ధాంతం ఉండేది.

"ఒరేయ్, గుర్రానికి పిత్తాశయం ఉండదు. తెలుసా?"

"తెలీదు."

"దాని వాటా కూడా నీకే వచ్చింది. అందుకే ఏది చూసినా చేదు."

నాకు కోపం వచ్చేది. నా కోపానికి కారణాలు నాకున్నాయి. కానీ గుర్రం సంగతి పుస్తకంలో వెతికి చూస్తే నిజమేనని తేలి, ఇంకా కోపం వచ్చేది.

ఆ ఏడు స్టీరింగ్ బాబాయ్ మొక్కజొన్న వేశాడు. ఆయన బస్సు నడిపి రిటైరైన మనిషి. పొలంలో సాలు తిరిగేటప్పుడు కూడా చెయ్యి పక్కకు చాపేవాడు, అందుకే ఆ పేరు. కూడబెట్టిందంతా ఆ కౌలు నేలలో పోశాడు. వేసింది జన్యుమార్పిడి విత్తనం. దాని మీద ఊళ్ళో మొదటినుంచీ గుసగుసలే. పాలాయన అడిగితే పచ్చి చొప్ప ఊరికే ఇచ్చాడు. కొద్దిరోజుల్లోనే పాలాయన ఆవు చచ్చిపోయింది.

నేనూ మామయ్యా వెళ్ళేసరికి కొట్టం ముందు వీధంతా ఉంది. స్టీరింగ్ బాబాయ్ ఒక మూల గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"పొలం తగలెట్టాల్సిందే!" అంటున్నాడు మెకానిక్. చేతిలో అగ్గిపెట్టె ఉంది.

"అసలా విత్తనంలో ఏముందిరా?" అని ఎవరో నన్నడిగారు. ఊళ్ళో నన్నొకడు ఒక విషయం అడగడం అదే మొదటిసారి. గొంతు సవరించుకున్నాను.

"మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి జన్యువు అందులో పెట్టారు. కాండం తొలిచే పురుగు దాన్ని తింటే పేగు చిల్లులు పడి చస్తుంది. అయితే..."

"పేగు చిల్లులు పడి!" అన్నాడు మెకానిక్.

"పేగు చిల్లులు పడి చస్తుందట!" అన్నారు వెనకవాళ్ళు.

పురుగు పేగు వేరు, ఆవు పొట్ట వేరు అన్న నా 'అయితే' తర్వాతి మాటలు ఎవరికీ అక్కర్లేకపోయాయి. అందరూ పొలం వైపు కదిలారు.

"ఆగండి," అన్నాడు మామయ్య, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుంటూ. "కోసి చూద్దాం."

"మీ మేనల్లుడు చెప్పాడుగా డాక్టర్ గారూ!"

"వీడు చదివింది మొక్క గురించి. చచ్చింది ఆవు. ముందు ఆవుని చదువుదాం."

నేను ట్రే పట్టుకుని పక్కన కూర్చున్నాను. జనం చుట్టూ మూగారు. పాలాయన భార్య ముందు వరసలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రోజూ ఆవుకి మేత వేసేది ఆవిడే.

మామయ్య పాఠం మొదలుపెట్టాడు. "ఆవు పొట్టలో నాలుగు అరలు. ఇది మొదటిది, గోదాము. ఇదిగో మీరనే చొప్ప. గోడ చూడండి, ఎంత శుభ్రంగా ఉందో. వాపు లేదు, చిల్లు లేదు. ఇది మూడోది, పుస్తకంలా ఆకులాకులుగా ఉంటుంది. మా వాడికి నచ్చే పొట్ట. ఇది నాలుగోది, మన పొట్టలాంటిది. బాగానే ఉంది. రెండోది మిగిలింది. తేనెపట్టులా గళ్ళు గళ్ళుగా..."

అక్కడ ఆగిపోయాడు.

ఆ గళ్ళ గోడలోంచి గుండె వైపు గుచ్చుకుని ఒక దబ్బనం ఉంది. దాని బెజ్జంలో నీలం నైలాన్ దారం ముక్క ఇంకా వేలాడుతోంది. ఆ వీధిలో నీలం బడిసంచులు కుట్టేది ఒక్కరే, పాలాయన భార్య. వెలుతురు బాగుంటుందని కొట్టంలో మేత పక్కనే కూర్చుని కుట్టేది.

దొరికినదాన్ని పైకెత్తి నలుగురికీ చూపించకపోతే మామయ్యకు నిద్ర పట్టదు. ఆ రోజు పిడికిలి మూసుకుంది. పక్కనే ఉన్నాను కాబట్టి ఆ దబ్బనం నాకొక్కడికే కనబడింది.

"ఏం దొరికింది డాక్టర్ గారూ?"

"ఇనుప ముక్క."

"ఎక్కడిది?"

"పొట్టలోది."

"అది కాదండీ, లోపలికెలా పోయింది?"

"రోడ్డు మీద మేకులూ తీగలూ తక్కువా? ఆవు ముందు మింగుతుంది, తర్వాత తీరిగ్గా నములుతుంది. ఏం మింగుతోందో చూసుకోదు. ఈ గుండె చుట్టూ చీము చూడండి. ఇది పాతది. మీ కొత్త చొప్ప ఇంటికి రాకముందే మొదలైంది." మెకానిక్ వైపు తిరిగాడు. "ఆ విత్తనం మంచిదో చెడ్డదో నేను చెప్పను. దాన్నింకా కోసి చూడలేదు. కానీ ఏ విత్తనం వేసినా ఇనుము మొలవదు. ఆ అగ్గిపెట్టె జేబులో పెట్టు నాయనా."

మెకానిక్ జేబులో పెట్టుకున్నాడు. స్టీరింగ్ బాబాయ్ కండువాతో మొహం గట్టిగా తుడుచుకుని, అలవాటుగా కుడిచెయ్యి చాపి, కుడివైపు సందులోకి తిరిగి వెళ్ళిపోయాడు.

దారిలో ఉండబట్టలేక అడిగాను. "చూపిస్తే ఇంకా గట్టిగా నమ్మేవాళ్ళుగా, మామయ్యా?"

"నమ్మేవాళ్ళు. పాలాయన నోరు నీకు తెలుసుగా. ఆవిడ మళ్ళీ ఆ సంచి ముట్టుకునేదా?"

ఈ సంగతి నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

ఆ వారంలోనే ఒక పెద్ద అయస్కాంతం కొని, నన్ను వెంటబెట్టుకుని పాలాయన ఇంటికి వెళ్ళాడు. ఆవిడ కొట్టంలో కుడుతోంది. పక్కన మిగిలిన పెయ్య మేత కోసం తల చాపుతోంది.

"ఇదిగోమ్మా, కుట్టుపనికి పనికొస్తుందని తెచ్చాను. సూదీ దబ్బనం దీనికి అతికించి పెట్టుకుంటే కింద పడవు. పడినా దీన్ని తాడుకు కట్టి తిప్పితే చాలు, నడుం వంచి వెతుక్కోనక్కర్లేదు. కూర్చోవడం కూడా అరుగు మీదైతే ఇక్కడికంటే గాలి బాగా వస్తుంది."

ఆవిడ మొహం వెలిగిపోయింది. వెంటనే సంచీ, పీటా అరుగు మీదికి మార్చేసింది. మామయ్య ఇంకేమీ వివరించకుండా, అదేదో అర్జెంటు పనైనట్టు, పెయ్య పళ్ళు చూడటంలో మునిగిపోయాడు.

"మా పనిలో కష్టం మీ మామయ్యగారికి ఇంత బాగా ఎలా తెలిసింది బాబూ?" అంది ఆవిడ.

"ఆయనకు లోపలేముందో చూసే అలవాటుందండీ," అన్నాను.

"కొయ్యకుండానేనా?" అని ఆవిడ పకపకా నవ్వింది.