వీరభద్రం మాస్టారి చివరి ఆత్మవిమర్శ

వీరభద్రం మాస్టారు గురువారం ఉదయం అమెరికాలో, వర్జీనియా రాష్ట్రం ఆష్‌బర్న్‌లోని స్వగృహంలో, పేపరు చదువుతూ చదువుతూ కుర్చీలోనే కన్నుమూశారు. నేను ఆఫీసులో ఉండగా వారి భార్య సరోజ ఆంటీ ఫోన్ చేశారు. ఆ పిడుగులాంటి వార్త వినగానే నా నోట వచ్చిన మొదటి మాట చెబితే మీరు నన్ను అసహ్యించుకుంటారు. "ఆంటీ, సోమవారం నాకు సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ ఉంది కదా!" అన్నాను. ఆవిడ మహాతల్లి, తప్పు పట్టలేదు. "తెలుసమ్మా, నిన్న కూడా నీ ఇంటర్వ్యూ గురించే అడిగారు" అన్నారు.

సంస్మరణ వ్యాసంలో సొంత గోల ఎందుకని మీరు అడగవచ్చు. నా గోల చెప్పకుండా ఆ మహనీయుణ్ణి గురించి చెప్పడం నాకు చేతకాదు. ఈ దేశపు పౌరసత్వ దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంటుంది: మీరు ఎప్పుడైనా కమ్యూనిస్టు పార్టీ సభ్యులుగా ఉన్నారా? నేను ఉన్నాను. ఖమ్మంలో డిగ్రీ చదివే రోజుల్లో హాస్టల్ మెస్ కోసం ధర్నా చేసి, ఆ ఊపులో పార్టీ కార్డు తీసుకుని, ఏడాదిన్నర తిరిగాను. దరఖాస్తులో మాత్రం "లేను" అని రాశాను. ఈ సంగతి అమెరికాలో మొన్నటిదాకా ఇద్దరికే తెలుసు. ఒకరు నా భర్త రవి, రెండోవారు మాస్టారు.

మాస్టారిది విజయవాడ. యౌవనంలో పార్టీ రాజకీయ తరగతులు చెప్పినవారు. పరిశోధన కోసం ఇక్కడికి వచ్చి, వర్జీనియాలోని ఒక కాలేజీలో మూడు దశాబ్దాలు చరిత్ర బోధించారు. రిటైరయ్యాక ఆదివారాలు తమ బేస్‌మెంట్‌లో తెలుగు పిల్లలకూ, ఎం.ఎస్. చదువుకునే కుర్రకారుకూ క్లాసు పెట్టారు. విషయం ఒక్కటే: కమ్యూనిస్టు రాజ్యాలు ఎలా పుట్టాయి, ప్రపంచాన్ని ఏం చేశాయి. "ఇదెందుకండీ, మ్యాథ్స్ చెప్పొచ్చుగా" అని ఎవరో అంటే, "మ్యాథ్స్ తప్పయితే మార్కులు పోతాయి నాయనా, ఇది తప్పయితే దేశాలు పోతాయి" అన్నారు. నేను మా అమ్మాయి అన్వితను దింపడానికి వెళ్లి, వెనక వరసలో కూర్చుని, ఆరేళ్లు లేవలేదు.

వారి బోధన అనన్యసామాన్యం. కార్పెట్ మీద పెద్ద ప్రపంచపటం పరిచి, ఒక్కో దేశం మీద ఒక్కొక్కరిని నిలబెట్టేవారు. రష్యా మీద నిలబడినవాడికి ఎర్ర దుప్పటి కప్పేవారు. రెండో ప్రపంచయుద్ధం ముగిసేసరికి తూర్పు యూరప్ పిల్లలు ఆ దుప్పటి కిందికి వెళ్లేవారు, తర్వాత చైనా. "ఇప్పుడు బయట ఉన్నవాళ్లకేమనిపిస్తోంది?" అని అడిగేవారు. "వి గెట్ స్కేర్డ్ అంకుల్" అంది అన్విత ఒకసారి. ఆయన మొహం వెలిగిపోయింది. "అదీ! సైనిక కూటములు, అణుబాంబులు, కొరియా, వియత్నాం... లోపలివాడికి బయటివాడంటే భయం, బయటివాడికి లోపలివాడంటే భయం. నలభై ఏళ్లకు పైగా లోకాన్ని ఏలింది ఆ భయమే."

"సో, గుడ్ గైస్ ఎవరు అంకుల్?" అని అన్విత వదల్లేదు. "ఇదేమన్నా గేమా తల్లీ, స్కోరు చెప్పడానికి? దున్నేవాడికి భూమి ఇస్తామన్నారు, రాసుకో. ఇచ్చిన భూమి మళ్లీ లాక్కున్నారు, ఎదురు మాట్లాడినవాణ్ణి సైబీరియా మంచులోకి తోలారు, అదీ రాసుకో. ఒక్కటే రాస్తే సున్నా!" ఈ నిర్మొహమాటం వల్ల ఆయన్ని సగంమంది పచ్చి కమ్యూనిస్టు అన్నారు, సగంమంది పార్టీకి ద్రోహం చేశాడన్నారు. ఆయన ఇద్దరికీ టీ పోయించేవారు.

పార్టీ నుంచి ఆయన వెంట తెచ్చుకున్న ఆచారం ఒకటుంది. తరగతి చివర ఆత్మవిమర్శ. ఆ వారంలో చేసిన ఒక తప్పు ప్రతివాళ్లూ లేచి చెప్పాలి. "హోమ్‌వర్క్ అయిపోయిందని మమ్మీకి అబద్ధం చెప్పాను" అని ఒకరు, "రూమ్మేట్ పెరుగు తినేశాను సార్" అని ఇంకొకరు. నవ్వులే నవ్వులు. "మరి మీది?" అంటే, "అధ్యక్షుడిది చివర్లో" అనేవారు. ఆ చివర ఎప్పుడూ వచ్చేది కాదు. సరోజ ఆంటీ పకోడీలు తెచ్చేవారు, సభ ముగిసేది.

గత నెల ఒక ఆదివారం అందరూ వెళ్లాక నేను ఆగిపోయాను. ఇంటర్వ్యూ లెటర్ వచ్చింది. దాన్ని ఆయన చేతికిచ్చాను. విషయమంతా కక్కేశాను. గ్రీన్‌కార్డ్ అప్పుడు లాయర్ ఆఫీసులో అమ్మాయి, "ఈ పేజీ అంతా నో కొట్టేయండి మేడమ్, అందరూ అంతే" అంటే, ఉగ్రవాదివా నో, గూఢచారివా నో అని వరసగా కొట్టుకుంటూ పోయిన చేయి అక్కడా ఆగలేదు. సిటిజన్‌షిప్‌కి వచ్చేసరికి పాతదానికి సరిపోవాలని మళ్లీ నో.

మాస్టారు లెటర్ మడిచి నా చేతికి తిరిగిచ్చారు. "రష్యాలో, పెట్రోగ్రాడ్‌లో రొట్టె కోసం క్యూలో నిలబడ్డ ఆడవాళ్లు రోడ్డెక్కితే విప్లవం మొదలైంది. నూరేళ్లు దాటాక ఆష్‌బర్న్‌లో నీ చేయి వణుకుతోంది. నేను ఇన్నాళ్లూ చెప్పింది ఇదేనమ్మా" అన్నారు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఇవాళ అధ్యక్షుడిది కూడా విను" అన్నారు.

నలభై ఏళ్ల కిందట గ్రీన్‌కార్డ్ దరఖాస్తులో ఆయనా "లేను" అనే రాశారట. జిల్లా కమిటీలో పనిచేసిన మనిషి! అందుకే జన్మలో పౌరసత్వానికి అప్లై చేయలేదు. ఏ ఎన్నికలోనూ ఓటు వేయలేదు. "వాళ్ల రాజ్యాల్లో చేయని తప్పులు ఒప్పించి ఉరి తీశారని క్లాసుల్లో గుండెలు బాదుకున్నాను. ఇక్కడ నన్నెవరూ కొట్టలేదు, తిట్టలేదు. చేసిన పనిని చేయలేదని నా అంతట నేనే సంతకం పెట్టాను. ఎప్పుడో వదిలేసిన పార్టీ అని చెబితే ఏమయ్యేదో! బహుశా ఏమీ అయ్యేది కాదు. అబద్ధమే మెడకు చుట్టుకుంది."

"నన్నేం చేయమంటారు మాస్టారూ?"

"నేను చెప్పనమ్మా. పోగొట్టుకునేది నువ్వు. ముందు మంచి లాయర్ని కలువు. నా సంగతి మాత్రం, నేను పోయాక రాసెయ్. బతికుండగా వద్దు, సరోజ బెంగపెట్టుకుంటుంది." ఆ అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఆంటీకి ముందే చదివి వినిపించాను. "నాకు తెలుసులేవే, ఓటు రోజున ఆయన ఇల్లంతా తిరిగేవారు" అన్నారు.

కొత్త లాయర్ ఉన్నదున్నట్టు చెప్పాడు. పాత సభ్యత్వం పెద్ద అడ్డు కాకపోవచ్చు, రెండుసార్లు అబద్ధం రాయడం మాత్రం ప్రమాదం, గ్రీన్‌కార్డ్‌కే ఎసరు పెట్టవచ్చు అన్నాడు. రవి మండిపడ్డాడు. "పదమూడేండ్ల సంది అంతా సాఫీగ ఉంది. ఇప్పుడు కెలుకుడెందుకు? జాబ్, ఇల్లు, అన్విత స్కూల్, అన్నీ రిస్క్‌ల పెడ్తవా?" అతని మాటలో తప్పేముంది? నాకూ అదే భయం. మాస్టారితో మరొక్కసారి మాట్లాడాలనుకుంటుండగానే గురువారం వచ్చిపడింది.

ఆదివారం, సరిగ్గా క్లాసు వేళకే దహనం. పెద్దవాళ్లు మైకులో ఆయన సత్యసంధతను కొనియాడుతున్నారు. లేచి ఆయన దాచిన సంగతి అరిచి చెబుదామనిపించింది. అన్విత నా చేయి పట్టుకుని, "అమ్మా, అంకుల్ ఎప్పుడూ ఆయన మిస్టేక్ చెప్పలేదు కదా" అని ఏడ్చింది. "చెప్పారు" అన్నాను. దాని కళ్లు తుడిచాను.

సోమవారం ఇమిగ్రేషన్ ఆఫీసులో, లాయర్ పక్కన ఉండగా, కుడిచేయి ఎత్తి ప్రమాణం చేశాను. ఆఫీసర్ పెద్దావిడ, మర్యాదస్తురాలు. పేరు, అడ్రస్, ప్రయాణాలు అన్నీ అయ్యాక, దరఖాస్తులోంచి తల ఎత్తకుండానే ఆ ప్రశ్న చదివింది. రవి ముఖం, అన్విత స్కూలు, మా ఇంటి తలుపు, అన్నీ కళ్ల ముందు తిరిగాయి.

"ఉన్నాను" అన్నాను.

ఆవిడ తల ఎత్తింది. "ఇక్కడ లేనని ఉంది. ఎందుకలా రాశారు?"

"భయపడి."

ఆవిడ టైప్ చేస్తూనే ఉంది. నా వాంగ్మూలం ప్రింట్ తీసి సంతకం పెట్టమంది. ఇవాళ నిర్ణయం చెప్పలేను, ఉత్తరం వస్తుంది అంది. పార్కింగ్‌లో రవి కారు దిగి ఎదురొచ్చాడు. చెప్పానని నా మొహం చూసే గ్రహించాడు. తిట్టలేదు. "ఇప్పుడేమైతది?" అన్నాడు.

నాకు తెలియదు. ఆ ఉత్తరం ఇంకా రాలేదు. పూలదండ వేసి దణ్ణం పెట్టి లేచిపోవడానికి మీరు నాకు పటంలోని గురువు కారు మాస్టారూ, మీరు చేసిన తప్పు నేను మళ్లీ చేయకుండా కాపాడిన మనిషి. రోజూ మెయిల్‌బాక్స్ దాకా నడుస్తూ, మీతో ఒక్క మాట చెప్పుకుందామని ఫోన్ తీస్తున్నాను. ఎవరికి చేయాలో తోచక మళ్లీ జేబులో పెట్టుకుంటున్నాను.