సవిత వాళ్ల నాన్న అడిగిన ప్రశ్న

2012లో నేను ఎల్లారెడ్డిలోని ఒక డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పే గెస్ట్ లెక్చరర్‌ని. ఫైనలియర్ చదివే సవిత ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేస్తానని పట్టుబట్టింది. కామారెడ్డిలో కంప్యూటర్ కోర్సు చేస్తే ఏదైనా ఆఫీసులో పని దొరుకుతుందని వాళ్ల నాన్న పట్టు. చివరికి ఆయనను ఒప్పించమని వాళ్ల ఊరు బిచ్కుంద నుంచి కాలేజీలో నా దగ్గరికే తీసుకొచ్చింది.

ఎమ్మెస్సీ చేస్తే లెక్చరర్ కావచ్చని, పరిశోధన కూడా చేయవచ్చని ఉత్సాహంగా చెప్పాను. ఆయన అంతా ఓపికగా విన్నాడు.

"మీరు గదే సదివిండ్రు గద మేడం. మీ నౌకరి పర్మనెంటేనా?" అని అడిగాడు.

స్టాఫ్ రూములో అందరూ నావైపు తిరిగారు. నా మొహం వేడెక్కింది.

"కాదన్నా. ఏటేటా కొత్తగా తీసుకుంటరు. వచ్చే యేడు ఉంటనో లేదో నాకే తెల్వదు" అన్నాను.

"గట్లయితే నా బిడ్డకెందుకు చెప్తున్రు?"

ఆయన గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. నేనింకేదో అంటానని సవిత నా వైపే చూస్తోంది. నేను తల దించుకున్నాను.

"పోదాం పా బాపు" అంటూ ఆమే లేచింది.

ఆ వేసవిలో సవిత కంప్యూటర్ కోర్సులో చేరింది. ఆ రోజు నేను ఆయనకు అబద్ధం చెప్పలేదు. కానీ ఆ నౌకరిలోనూ రోజూ క్లాసుకు ఇష్టంగానే వెళ్తున్నానని, మళ్లీ చదవాల్సి వస్తే లెక్కలే చదువుతానని కూడా చెప్పాల్సింది. ఆ పిల్ల నా నుంచి ఎదురుచూసింది ఆ ఒక్క మాటే.