లింగమూర్తి దాచిన చీర

మా మరమగ్గాల షెడ్డులో లింగమూర్తి అంత మొండిమనిషి లేడు. అతని మీద నాకు ఇప్పటికీ కోపమే.

వయసులో ఉన్నప్పుడు తాగేవాడు. తాగితే చెయ్యి లేచేది. భార్య బుచ్చవ్వ భరించినన్నాళ్ళు భరించి, ఒకరోజు పుట్టింటివాళ్ళను వెంటబెట్టుకొచ్చింది. సిరిసిల్ల దగ్గర వాళ్ళ ఊళ్ళో పెద్దమనుషులు కూర్చొని, ఇద్దరి ముందు ఎండుపుల్ల విరిచి, ఇక మీరు ఒకరికొకరు ఏమీ కారన్నారు. ఆ తర్వాతే అతను సూరత్ వచ్చాడు. ఇక్కడ తాగుడు మానేశాడు, దాంతోపాటు అబద్ధం కూడా. తాగిన రోజుల్లో ఆమెకు ఒక్క నిజం చెప్పిన పాపాన పోలేదట.

ఏళ్ళు గడిచాక బుచ్చవ్వ కూడా తమ్ముడి వెంట సూరత్‌లో మేముండే లింబాయత్ పేటకే వచ్చింది. చీరలు మడతపెట్టే పని. అతను ఎదురుపడితే పక్క గల్లీలోకి తిరిగేది. ఆమెను తప్పుపట్టలేం.

మొదటి లాక్‌డౌన్‌లో తమ్ముడి కుటుంబం దొరికిన బండెక్కి ఊరికి పోయింది. బుచ్చవ్వకు చోటు చాలలేదు. మగ్గాలు ఆగిపోయాయి. అన్నం పంచేచోట లైనులో నిలబడి తెచ్చిన పొట్లాం లింగమూర్తి ఆమె గడప మీద పెట్టి, తలుపు తట్టి వెళ్ళిపోయేవాడు. అతను మలుపు తిరిగాకే ఆమె తలుపు తీసేది. ఒకరోజు అతను మలుపు తిరగకముందే తీసింది.

“నువ్వు తిన్నవా?” అని అడిగింది.

ఆ ఒక్క మాటకు మనిషి గల్లీలో నిలబడి ఏడ్చాడు.

మగ్గాలు మళ్ళీ నడిచాక ఆకుపచ్చ చీర కొన్నాడు. మాలో విడిపోయిన ఆడమనిషికి నలుగురిలో చీర పెడితే మళ్ళీ మనువైనట్టే. ఇక్కడే పెట్టెయ్యమని నేను పోరాను. బుచ్చవ్వకూ అదే ఇష్టం. వింటేగా!

“ఇరగ్గొట్టినోళ్ళే కలపాలె. ఆళ్ళ ముంగటనే నా తప్పు ఒప్పుకుంట,” అన్నాడు.

“ఆ పెద్దమనుషులు అచ్చేదాంక నన్ను గిట్లనే కూసోపెడ్తవా?” అని ఆమె నవ్వింది.

ఎండాకాలంలో ఊరికి పోదామనుకున్నారు. ఆ ఎండాకాలమే మాయదారి రోగం రెండోసారి విరుచుకుపడింది.

ఊపిరాడని బుచ్చవ్వను ఇద్దరం ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఈమెకు ఏమవుతావని గేటు దగ్గర అడిగారు. భర్తనంటే సరిపోయేది. పక్కనుంచి పొడిచాను కూడా. నోరు తెరిచి, మూసుకుని, ఊరివాణ్ణన్నాడు. ఆమె సంగతి సొంతవాళ్ళకే చెబుతామన్నారు. రోజూ వెళ్ళి ఆ గేటు బయటే నిలబడేవాడు. అతన్ని చూస్తే నాకు తిట్టబుద్ధీ కాలేదు, ఏం చెయ్యాలో తోచనూ లేదు.

వార్డు ఊడ్చే వినోద మన కరీంనగర్ మనిషే. జాలిపడి, అతనిచ్చిన ఆ ఆకుపచ్చ చీర లోపలికి తీసుకెళ్ళింది. తిరిగొచ్చి, కట్టుకునే ఓపిక లేదు, మీద కప్పానంది. బుచ్చవ్వ ఒక్కటే అడిగిందట, పెద్దమనుషులు వచ్చారా అని.

లింగమూర్తి గేటు ఊచలు పట్టుకున్నాడు.

“అచ్చిండ్రని చెప్పు చెల్లె. అందరు అచ్చిండ్రని చెప్పు.”

వినోద పరుగెత్తింది. అప్పటికే మంచం చుట్టూ డాక్టర్లు మూగి ఉన్నారట. ఆ అబద్ధం బుచ్చవ్వ చెవిన పడిందో లేదో వినోదకూ తెలియదు.

సాయంత్రం గేటు దగ్గర పేర్లు చదివి, శవాలను తీసుకెళ్ళే వాళ్ళను రమ్మన్నారు. బుచ్చవ్వ పేరు రాగానే లింగమూర్తి ముందుకు నడిచాడు.

“నేను ఆమె మొగన్ని,” అన్నాడు.

ఎవరూ కాదనలేదు.