ఆఖరి అధ్యాయం వదిలేసిన పిల్ల

నిన్న పొద్దున టీ తాగుతుంటే మా మేనకోడలి దగ్గరినుంచి ఫోన్లో వాయిస్ మెసేజ్ వచ్చింది. పదకొండు నిమిషాలు. ఇంట్లో పెళ్ళి మాటలైనా రెండు ముక్కల్లో తేల్చేసే పిల్ల, పుస్తకం దగ్గరికొచ్చేసరికి ఇలా తయారవుతుంది. ఇప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లోనే ఒక స్కూల్లో టీచరు. పదహారు, పదిహేడేళ్ళ పిల్లల కోసం ఈమధ్య కుప్పలుగా వస్తున్న ఇంగ్లీషు నవలలన్నీ చదివి, వాటి మీద తన అభిప్రాయాలు ఫోన్లో పెడుతుంది. ఎక్కడెక్కడి వాళ్ళో చదివి పోట్లాడతారట. తను తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదివే రకం కాబట్టి నాకు మాత్రం నోటితో చెప్పి పంపుతుంది. నిన్నటి తీర్పు ఇది: “అత్తా, ఇరవై చాప్టర్లు బహుత్ బఢియా. ఆఖరికొచ్చేసరికి రైటర్ డర్ గయా. ముగించడానికి భయపడేవాళ్ళు కథ మొదలెట్టకూడదు.” నేను గ్లాసు కింద పెట్టేశాను. ఈ మాట ఇంకెవరన్నా అంటే విని ఊరుకునేదాన్ని. ఈ పిల్లే ఒకప్పుడు ఎనిమిది నెలలపాటు ఏ పుస్తకంలోనూ ఆఖరి అధ్యాయం ముట్టుకోలేదు.

అప్పుడు దానికి పదహారేళ్ళు. పదకొండో క్లాసు కోసం నా దగ్గర ఉండేది. నేను హార్బర్‌లో గుమాస్తాని, ఒంటిమనిషిని, రెండు గదుల క్వార్టర్. అబర్డీన్ బజార్‌లో నోటుపుస్తకాలమ్మే షాపులో ఒక మూల ఇంగ్లీషు నవలలు పెట్టేవాళ్ళు. అవీ, స్నేహితుల దగ్గర మార్చుకున్నవీ కలిపి మా ఇంట్లో బియ్యం డబ్బా మీద కూడా పుస్తకాలే. అది చదివి పడేసినవి నేను అందుకునేదాన్ని. ఫైళ్ళ పుణ్యమా అని నాకొచ్చిన ఇంగ్లీషు నత్తనడక ఇంగ్లీషు, అయినా పట్టు వదల్లేదు. ఆ నవలల మీద నాకూ అభిప్రాయాలున్నాయి మరి. మొదటి పేజీ తిప్పేలోపే తల్లి చచ్చిపోయి ఉంటుంది. పొయ్యి వెలిగించడం రాని పదిహేడేళ్ళ పిల్ల ఐదు రాజ్యాలను కాపాడుతుంది. కుర్రాడు ఎప్పుడు చూసినా గుమ్మానికి చేరబడి ఉంటాడు, వాడికి వేరే పనేమీ ఉండదు. నెల్లాళ్ళు ఓడలో పోతారు, ఒక్కరికీ కడుపులో తిప్పదు. విశాఖపట్నం ఓడలో మూడు రోజులు కక్కుకుంటూ పోయినదాన్ని, నా దగ్గరా ఈ కబుర్లు? మేనకోడలికి ఇలాంటి పట్టింపుల్లేవు. స్కూళ్ళలో దిగులుపడే పిల్లల కథలంటే మాత్రం దానికి చిరాకు. దిగులు తప్ప ఇంకేమీ లేకపోతే అది కథ కాదట, జ్వరమట. ఆ మాట నాకిప్పటికీ నచ్చుతుంది.

ఆదివారాలు ఇద్దరం ఫెర్రీ ఎక్కి హార్బర్ దాటి హోప్ టౌన్‌లో దాని నాన్న, అంటే మా తమ్ముడి ఇంటికి పోయేవాళ్ళం. తమ్ముడిది చేపల వేట. మా దీవుల్లో పడవని డోంగీ అంటాం, వాడికో ఇంజను డోంగీ ఉండేది. మరదలు వంటలో ఉంటే, మా అమ్మ వాకిట్లో పీట వేసుక్కూర్చుని మనవరాలి చేత ఆ వారం నవల చెప్పించుకునేది. అమ్మకి చదువు లేదు. మనవరాలు సగం తెలుగు, సగం హిందీలో చెప్పుకుపోతుంటే, ఆ రాజకుమార్తెలందరినీ మా వీధి పిల్లల్లాగే పేరుపేరునా తిట్టేది. కాని ఒక కట్టుబాటుండేది. డోంగీ నీళ్ళ మీద ఉన్నంతసేపూ కథ ముగించకూడదు. వేటకెళ్ళిన మనిషి తిరిగొచ్చి కాళ్ళు కడుక్కున్నాకే ముగింపు. కథ అయిపోతే వాడి దారీ అయిపోతుందని అమ్మ నమ్మకం. ఇది శ్రీకాకుళం ఒడ్డునుంచి మా తాతలు తెచ్చుకున్నదో, ఇక్కడికొచ్చాక పుట్టిందో నాకు తెలీదు. ఈ నవలలేమో సరిగ్గా కొసకొచ్చేసరికి తర్వాతి భాగంలో చూడమని ఆపేస్తాయి. చదివేవాళ్ళందరికీ అది ఒళ్ళుమంట, అమ్మకొక్కదానికే మెప్పు. “ఈ రాసినోల్లకీ మననాగే ఎవులో సముద్రం మీదున్నారు గావాల,” అనేది.

తప్పు చేసింది నేను. ఒక ఆదివారం తమ్ముడు పొద్దున్నే వేటకి పోయాడు. నాలుగింటికల్లా రావలసినవాడు. మేనకోడలు ఒక నవల ఆఖరి పేజీలు ఫెర్రీలోనే ముగించి, చెప్పడానికి నోరు దురదపెట్టి కూర్చుంది. నాకా మర్నాడు ఆఫీసు, నాలుగింటి ఫెర్రీ పట్టుకోవాలి. అమ్మ పక్కింటికి వెళ్ళింది కదా, మెల్లిగా చెప్పెయ్యమన్నాను. అది ఒకసారి సముద్రం వైపు చూసి, చెప్పేసింది. అమ్మ ఎప్పుడొచ్చిందో మా వెనకే నిలబడి ఉంది. అంతా విని, తిన్నగా ఒడ్డుకి నడిచింది. నాలుగయింది, ఐదయింది, మేం ఫెర్రీ ఎక్కలేదు. ఆ రాత్రి ఎవరూ పడుకోలేదన్నది తప్ప దాని గురించి చెప్పడానికేమీ లేదు. మర్నాడు మధ్యాహ్నం వేరే డోంగీవాళ్ళు తాడు కట్టి తమ్ముడి డోంగీని లాక్కొచ్చారు. ఇంజను చెడి, నీటివాలుకి కొట్టుకుపోయాడట. వాడు దిగుతూనే ఆకలేస్తోందన్నాడు, అందరం నవ్వాం. మేనకోడలు మాత్రం నవ్వలేదు.

తర్వాత దాని పుస్తకాలు నా చేతికొస్తున్నప్పుడు ఒకటి గమనించాను. పేజీలన్నీ నలిగి ఉంటాయి, చివరి పది పన్నెండు మాత్రం షాపులోంచి తెచ్చినట్టే ఉంటాయి. అక్కడొక ఫెర్రీ టికెట్ పెట్టి ఉంటుంది. పుస్తకాల మీద వాదించడమూ మానేసింది. ముగింపు తెలియని పుస్తకం మీద ఏమని వాదిస్తుంది? మూడు నెలలు పోయాక అడిగితే, చదవాలనిపించట్లేదంది. చెప్పమన్నది నేనే కదా, నీదేం తప్పని సర్దిచెప్పబోయాను. “నువ్వు అడిగావ్ అత్తా. చెప్పింది నేను కదా,” అంది. తరవాత కొత్త పుస్తకాలు తేవడం కూడా తగ్గింది. తిండి మానేసిన పిల్లని చూస్తే ఎంత భయమేస్తుందో నాకంత భయమేసింది. చివరికి అమ్మకి చెప్పాను. అమ్మ రొయ్యలు ఒలుస్తోంది. అన్నీ ఒలిచి, తొక్కలు చాటలోకెత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ పై ఆదివారం మేం వెళ్ళేసరికి తమ్ముడు వేటలో ఉన్నాడు. గాలి కొంచెం జోరుగానే ఉంది. అమ్మ మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని, సంచీలో పుస్తకం తియ్యమంది. అది మామూలుగానే మొదలెట్టి, టికెట్ పెట్టిన చోటుదాకా చెప్పి పుస్తకం మూసింది.

“ఆకరికి ఏటైనాదే?” అంది అమ్మ.

“నాన్న ఇంకా రాలేదు నానమ్మా.”

“నాకు తెల్దేటి? సదివి సెప్పు.”

పిల్ల నా వైపు చూసింది. టికెట్ తీసి పక్కన పెట్టి, ఆ చివరి పేజీలు మనసులో చదువుకుంటూ ఒక్కొక్క వాక్యం తెలుగులోకి తెచ్చింది. మొదట వాక్యానికోసారి ఆగింది, కాసేపటికి కథలో పడిపోయింది. అమ్మ ఎప్పట్లా ఎవర్నీ తిట్టలేదు, ఊఁ కొట్టలేదు. కళ్ళు సముద్రం మీదే ఉన్నాయి. పీట అంచు పట్టుకున్న చేతి వేళ్ళు తెల్లబడిపోయాయి. అప్పుడర్థమైంది నాకు, అమ్మ ఆ కట్టుబాటుని నమ్మడం మానేసి ఇదంతా చెయ్యడం లేదని. నమ్ముతూనే, కొడుకు నీళ్ళ మీద ఉండగానే, మనవరాలి కోసం దాన్ని తెంచింది. నేను చూసిన ధైర్యాల్లో అంత ధైర్యం ఇంకొకటి లేదు. ఆ నవలల్లో అసలే లేదు.

కథ అయింది. “ఇంతోటి దానికా అన్ని పేజీలు,” అంది అమ్మ. మేనకోడలు వెంటనే ఎదురు తిరిగి, ఆ ముగింపే ఎందుకు సరైనదో వాదించడం మొదలెట్టింది. అమ్మ వింటున్నట్టే తలాడించింది, చెయ్యి మాత్రం పీట మీంచి తియ్యలేదు. తమ్ముడి డోంగీ కనపడటానికి ఇంకో గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో మా అమ్మ ఎన్నేళ్ళు ముసలిదైపోయిందో నేను చెప్పలేను, మా పిల్ల మాత్రం మళ్ళీ పదహారేళ్ళదైంది.