జరిగిన పెళ్లిని చెల్లదని రాయమన్నారు

తిరుత్తణి బస్టాండు వెనక వకీలు గదిలో ఆ రోజు ఉన్నవాళ్లు: వకీలు, మా అమ్మ, మా అక్క, అక్క భర్త అయిన మా బావ, వాళ్ల కూతురు, నేను. ఉన్న వస్తువులు: ఒక బల్ల, ఐదు ప్లాస్టిక్ కుర్చీలు, తిరగని ఫ్యాను, రెండు ఆధార్ నకళ్లు, ఒక పెళ్లి ఫోటో. ఫోటోలో దండలు వేసుకున్నది నేనూ, అక్క కూతురూ. విడాకులు కావలసింది మా ఇద్దరికే.

మా వాళ్లలో అక్క కూతురిని చేసుకోవడం వింత కాదు. మా అమ్మ చేసుకున్నది తన మేనమామనే. బావ సొంత తమ్ముడు చేసుకున్నది వాళ్ల అక్క కూతురిని. ఆ పెళ్లిలో పంక్తి వెంట నడుస్తూ వడ్డన చూసుకున్నది ఈ బావే. ఇది ముందే ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

ఆమె నాకంటే తొమ్మిదేళ్లు చిన్నది. సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకొని నేను బడికి దింపిన పిల్ల. పెద్దలు మాట్లాడుకున్నారు, తిరుత్తణి కొండ మీద గుడిలో పెళ్లయింది, తిరువళ్లూరులో అద్దె ఇంట్లో ఏడాదిన్నర ఉన్నాం. కొట్టుకోలేదు, తిట్టుకోలేదు. ఒకరోజు అన్నం తింటూ ఆమే అడిగింది.

"మామా, నువ్వు నాకు ఎప్పుడూ మామవే. అంతకు మించి నాకు మనసు రాలేదు. నీకు వచ్చిందా?"

నాకూ రాలేదు. ఆమె కే.జీ.కండిగైలో అమ్మానాన్నల ఇంటికి వెళ్లి, తిరుత్తణిలో ఒక స్కాన్ సెంటర్‌లో ఉద్యోగానికి చేరింది. వకీలు గదికి వెళ్లేనాటికి మేం వేరుగా ఉంటూ ఏడాది దాటింది.

నాది ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగం. ముక్క ముక్కకు అతకకపోతే తేడా ఏ దశలో వచ్చిందో వెతకడం నా పని. చట్టాన్నీ అలాగే చదివాను. ఇద్దరికీ ఇష్టమైతే, ఏడాదిగా వేరుగా ఉంటే, కలిసి అర్జీ వేయవచ్చు. మొదటిసారి జడ్జి ముందు నిలబడి మాట చెప్పాలి. తర్వాత, మనసు మారుతుందేమోనని ఆరు నెలలు ఆగమంటారు. మళ్లీ వెళ్లి అదే మాట చెబితే విడాకులు. కోరితే కోర్టు ఆ గడువు తగ్గించవచ్చు. విడాకులు చేతికొచ్చేదాకా ఇద్దరిలో ఎవరికీ ఇంకో పెళ్లి కుదరదు. నింద లేదు, సాక్షి లేడు. ఇదంతా ఆమెకు చెప్పి, కాగితం మీద రాసుకొని వెళ్లాను.

వకీలు దాన్ని చూడనైనా లేదు.

"అంత దూరం పోయేదెందుకు సార్? అక్క కూతుర్ని చేసుకునేది చట్టం ఒప్పుకోదు. ఆచారం ఉండే వాళ్లకు మాత్రమే చెల్లుతుంది. మాలో ఆ ఆచారం లేదు, తెలీక చేసేసినామని వేస్తాము. పెళ్లే చెల్లదని తీర్పు వస్తుంది. పాపకు పెళ్లయిందనే మాటే ఉండదు. సీక్రంగా ముగిసిపోతుంది."

"అదే వెయ్యండి సార్," అన్నాడు బావ. అంత త్వరగా అన్నాడంటే ముందే మాట్లాడుకున్నారన్నమాట.

వకీలు మా అమ్మ వైపు తిరిగాడు. "పెద్దామె ఒకరు బోనెక్కల్ల. మీలో ఇట్ల చేసుకోరని ఒక్క మాట చెప్తే చాలమ్మా."

"నేనెట్ల చెప్పేది సామీ? నా మొగుడు నాకు మేనమామ."

"అది అడగరులేమ్మా."

"అడగరు, సరే. నాకు తెలుసు కదా. నలుగురు బిడ్డల్ని కనినాను. ఇప్పుడు పోయి, మాలో అట్లాంటి పెళ్లే లేదని చెప్పి రావల్నా?"

"నీ పెళ్లిని ఎవురెత్తినారు అత్తా?" అన్నాడు బావ. "నువ్వొక మాట చెప్తే నీ మనవరాలు బాగుపడతాది."

"నీ తమ్ముడు చేసుకున్న పిల్లను కూడా బోనెక్కిస్తావా బావా?" అన్నాను. ముహూర్తం పెట్టినప్పుడు మా ఇద్దరినీ ఎవరూ అడగలేదు. ఇప్పుడు అది జరగలేదని ప్రమాణం చేసేటప్పుడూ అడగడం లేదు. కట్టబెట్టిన నోటితోనే కొట్టేస్తారట. మధ్యలో ఆమె బతికిన ఏడాదిన్నర ఏమైనట్టు?

అప్పుడు అక్క నా చెయ్యి పట్టుకుంది. "ఒప్పుకో రా. పై నెల్లోనే ముహూర్తం ఉండాది."

అక్క నోరు మూసుకుంది గాని, ఆలస్యమైంది.

"ఎవురికి ముహూర్తం?" అని అడిగింది అక్క కూతురు. వచ్చినప్పటి నుంచి అదే ఆమె మొదటి మాట.

బావ ఫ్యాను వైపు చూస్తూ చెప్పాడు. "ఊత్తుకోట మీ అత్త కొడుకు. వాడు ముందు నుంచీ అడగతానే ఉండాడు. మంచి పిల్లోడు."

"మామతో అయిపాయ. ఈసారి బావనా నాయనా?"

"నీ మంచికే కదా."

"పోయినసారీ ఇదే చెప్తివి."

ఆమె వకీలు వైపు తిరిగింది. "సార్, మామ చెప్పిన దారిలో ఆరు నెలలు ఆగల్ల కదా. అంతదాకా నాకు ఇంకో పెళ్లి చేయగూడదు కదా?"

"చేయగూడదమ్మా. చేస్తే నేరం."

"అట్లయితే మాకు అదే వెయ్యండి."

నేను ఆ ఆరు నెలలను నష్టంగానే చూశాను. అవి ఆమెకు గోడలా పనికొస్తాయని నాకు తట్టలేదు. బస్టాండులో విడిగా చెప్పింది: "తిరువళ్లూరులో హాస్టల్ చూసుకుంటా మామా. అక్కడే పని దొరికితే మారిపోతా. ఆ లోపల అమ్మకు నచ్చచెప్తా. నాయన ఎట్లాగూ వినడు."

అర్జీ కోసం వకీలును మార్చాం. తిరువళ్లూరు కోర్టులో మొదటిసారి పిలిచిన రోజు, బావ వరండాలో మా కోసం కాచుకొని ఉన్నాడు. చేతిలో ఇంకో అర్జీ, గడువు తగ్గించమని. పాత వకీలు చేత రాయించుకొచ్చాడు. పెన్ను మూత తీసి కూతురి చేతిలో పెట్టబోయాడు.

"సైను పెట్టు. ఊత్తుకోట వాళ్లు ఎన్నాళ్లని ఆగతారు?"

"ఆగొద్దని చెప్పు నాయనా. వేరే పిల్లను చూసుకోమను."

"పెన్ను జేబులో పెట్టుకో బావా," అన్నాను. "నా సంతకం కూడా కావాలి దానికి. నేను పెట్టను."

"నీకేమి రా, మగోడివి. రేపు ఇంకొక దాన్ని చేసుకుంటావు. పేరు చెడేది నా కూతురిది."

"చెడగొట్టిందెవరు?"

చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. చూడనీ అనుకున్నాను. ఇన్నాళ్లూ అక్క మొగుడని మింగిన మాటలు ఇంకా చాలా ఉన్నాయి గాని, మా పేర్లు పిలిచారు.

లోపల జడ్జి తమిళంలో అడిగారు. ఇష్టపడే వచ్చారా? వచ్చాం. ఎవరైనా బలవంతం చేశారా? విడాకులకు ఎవరూ చేయలేదని చెప్పింది ఆమె. పెళ్లి సంగతి ఆయన అడగలేదు. ఏడాది పైగా వేరుగా ఉన్నారు కాబట్టి గడువు తగ్గించమని కోరతారా అని అడిగారు. వెనక బెంచీ మీద నుంచి బావ సగం లేచాడు.

"వేండాం," అంది ఆమె. అక్కర్లేదని. నా వైపు చూశారు. నేనూ అదే మాట చెప్పాను.

జడ్జి రాసుకున్నారు. వాయిదా ఆరు నెలలు.