వాకిట్లో చాప లేని నెల

పెళ్లయి ఆరేళ్లయినా పిల్లలు కాకపోతే నన్ను పాలమూరు దవాఖానకు తీసుకుపోయింది మా అత్తే. మా ఆయన గొర్ల మంద వెంట ఉండేవాడు. దేవరకొండ దగ్గరి మా ఊరి నుంచి మేమిద్దరమే బస్సెక్కి పోయి, సూదులు వేయించుకుని, గోళీలు తెచ్చుకునేవాళ్లం. సూదులకు నేనెన్నడూ భయపడలేదు. నా ప్రాణం తోడేసింది మా వాకిలి.

ముట్టయితే మూడు రోజులు వాకిట్లో చాప మీద విడిగా కూర్చోవాలి కదా. అంటే ఈ నెలా మందు పనిచేయలేదని ఊరంతా దండోరా వేసినట్టే! నీళ్లకు పోయేవాళ్లు, మేకలు తోలుకొచ్చేవాళ్లు, ప్రతివాళ్లూ నన్ను చూసి "అయ్యో" అనేవాళ్లు. ఒళ్లు మండిపోయేది. ఆ రోజులు దగ్గర పడుతుంటే అన్నం సయించేది కాదు. "ఫికర్ పెట్టుకోకమ్మా, మనసు నిమ్మళంగ ఉంచుకో" అంది డాక్టరమ్మ. ఎక్కడిది నిమ్మళం? తిరుగుబస్సులో ఏడ్చేశాను.

"నేనింక దవాఖానకు రాను అత్తమ్మా. సూదులకు కాదు, గా చాప మీద కూసునుడే నాతోని అయితలేదు."

ముట్టూ మైలా అని నన్ను సతాయించే మనిషి, బస్సు దిగాక అంది: "అయితే కూసోకు. లోపల్నే ఉండు. నేను చూసుకుంట."

ఆ నెల లోపలే ఉన్నాను. జొన్నరొట్టెలు చేశాను. మొదటి రొట్టె అత్తే తిన్నది.

చాప కనబడకపోయేసరికి ఊరు ఇంకోలా తేల్చేసింది. నేను నీళ్లోసుకున్నానట, కడుపు పండిందట! పక్కింటి పెద్దమ్మ చింతతొక్కు గిన్నెతో దిగింది, వెనక నలుగురు ఆడవాళ్లు.

"కోడలు నీళ్లోసుకున్నదట గద అక్కా! గింత మంచి ముచ్చట మాకు చెప్పవా?"

తలుపు చాటున నిలబడి వింటున్నాను. అవునంటే అబద్ధం. కాదంటే, మైల మనిషి లోపల ఎందుకుందని అడుగుతారు.

అత్త కొంగు నడుముకు దోపుకుంది. "నీళ్లోసుకోలే. ముట్టయింది. లోపల పొయ్యికాడ ఉన్నది. దాని చేతి రొట్టె తినే గిట్ల నిలవడ్డ, నాకేమన్న అయిందా? మందులు మింగుతున్న పిల్ల అది. దాని నెలలు లెక్కవెట్టెటందుకు ఇంకోపాలి నా వాకిట్లకు రాకుండ్రి."

పెద్దమ్మ గిన్నెతో సహా వెనక్కి తిరగబోయింది. "తొక్కు పెట్టిపో. నా కోడలికి రొట్టెలకు కావాలె" అంది అత్త. పెట్టిపోయింది కూడా! నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అంత గర్వం నాకు పెళ్లినాడు కూడా కలగలేదు.

దవాఖానకు పోవడం మానలేదు. ముట్టయిన నెలల్లో ఎవరి కళ్లూ పడకుండా లోపలే ఏడ్చుకున్నాను, లేచి పని చేసుకున్నాను. మరుసటేడు జొన్నకోతలప్పుడు నెల తప్పింది. ఊరికి తెలియదు, పక్కింటికి తెలియదు. ఆ కబురు నా ఒక్కదాని దగ్గరే ఉంది. దొడ్లో గొర్రెపిల్లలకు నీళ్లు పెడుతున్న అత్త దగ్గరికి పోయి చెవిలో చెప్పాను.

"ఎవలకన్న చెప్పినవా?" అని అడిగింది.

"లేదత్తమ్మా. నీకే మొదలు."

ఊరి నోరు మూయించిన ఆ మనిషి నన్ను పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.